కష్టకాలంలో మనసు: వరద ఒకలా, అప్పు ఒకలా ఎందుకు కుంగదీస్తాయి?

సంక్షిప్తంగా

కష్టం ఎంత పెద్దదన్నది మనసుకు ఒక లెక్క మాత్రమే. అది ఎలా వచ్చింది, ఎప్పటికి తేలుతుంది, ఆ సమయంలో పక్కన ఎందరున్నారు అన్నవి అంతకంటే ఎక్కువగా పనిచేస్తాయి. ఊరంతటికీ ఒకేసారి వచ్చిన వరదను తట్టుకున్న మనిషే, ఎవరికీ చెప్పుకోలేని అప్పు దగ్గర కూలబడొచ్చు. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కనిపించే మూడు రకాల కష్టాలను, అంటే పెన్నా వరదను, పొగాకు, రొయ్యల ధరల అనిశ్చితిని, పడమటి మండలాల కరువును పక్కపక్కన పెట్టి చూస్తే ఏ సాయం ఎక్కడ పనికొస్తుందో కొంత తెలుస్తుంది.

2025లో ఈ రెండు జిల్లాల మీద దెబ్బ మీద దెబ్బ పడింది. వేసవిలో నల్లబర్లీ పొగాకును కొనే నాథుడు లేక రైతులు రోడ్డెక్కారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను కొనుగోలుకు దించాల్సి వచ్చింది. ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచడంతో రొయ్యల ధర పడిపోయింది. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి కుండపోత వానలు కురిపించింది. ఇలాంటప్పుడు ఊళ్లో వినిపించే మాట ఒకటే: "గుండె దిటవు చేసుకో." మంచి ఉద్దేశంతో అనేదే. కానీ ఆ మాట వెనక ఒక తప్పుడు లెక్క దాగి ఉంది. కుంగిపోయినవాడికి ధైర్యం తక్కువ, నిలబడ్డవాడికి ఎక్కువ అన్నది ఆ లెక్క. ఒత్తిడి మీద జరిగిన పరిశోధనలు దీన్ని పెద్దగా సమర్థించవు. ఒకే మనిషి ఒక కష్టంలో కొండలా నిలబడి, ఇంకో కష్టంలో నీరుగారిపోవడం మామూలే. తేడా మనిషిలో కంటే కష్టం తీరులోనే ఎక్కువగా ఉంటుంది.

అందరికీ వచ్చిన కష్టం

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదకు సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలాల్సి వచ్చింది. నెల్లూరులో పెన్నా ఒడ్డు కాలనీలు, కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊళ్లు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిని విజయవాడ, చెన్నై మధ్య రైళ్లు ఆగిపోయాయి. జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు తెగిపోయాయి.

నష్టం చూస్తే మనుషులు ఆ వారంలోనే కుప్పకూలాలి. సాధారణంగా అలా జరగదు. ఎవరి మిద్దె ఎత్తుగా ఉంటే అక్కడికి నాలుగు కుటుంబాలు చేరతాయి. కల్యాణ మండపంలో పెద్ద గుండిగలు పొయ్యి ఎక్కుతాయి. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే ట్రాక్టర్‌లో బియ్యం బస్తాలు మోస్తారు. చేయడానికి పని ఉంటుంది, ఆ పనికి ఫలితం కళ్లముందే కనిపిస్తుంది, పక్కవాడిదీ అదే పరిస్థితి. "పదిమందితో చావు పెళ్లితో సమానం" అన్న సామెతలో కాస్త మొరటుతనం ఉన్నా, విపత్తుల మీద పనిచేసేవాళ్లు చెప్పేది దాదాపు అదే. నలుగురితో కలిసి పడే బాధ మనిషిని వెలివేయదు.

అసలు ఇబ్బంది నీళ్లు తీశాక మొదలవుతుంది. తొలి వారాల కలివిడి తగ్గిపోతుంది, పరామర్శకు వచ్చే కార్లు ఆగిపోతాయి, నష్టపరిహారం జాబితా బయటికొస్తుంది. ఎవరి పేరుంది, ఎవరి పేరు లేదు అన్న గొడవ అక్కడ పుడుతుంది. ఈ జిల్లాల్లో పొలం చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో పేరు లేకపోయినా, 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కుల కార్డు లేకపోయినా, మునిగిన పంట కౌలుదారుడిది, పరిహారం పొలం యజమానిది అయిపోతుంది. వరద రోజున కలిసి నిలబడ్డ ఇద్దరు ఇప్పుడు ఎదురెదురుగా ఉంటారు. మనసు విరిగేది ఎక్కువగా ఇక్కడే, మూడో నెలలోనో ఆరో నెలలోనో. సాయం మాత్రం మొదటి వారంలోనే కుమ్మరించినట్టు వచ్చి ఆగిపోతుంది. ఓదార్పుకు వెళ్లేవాళ్లు ఆలస్యంగా వెళ్లినా నష్టం లేదు, మళ్లీ వెళ్లకపోవడమే నష్టం.

ఇంట్లో ఎవరైనా పోయినప్పుడూ ఇదే జరుగుతుంది. పెద్దకర్మ దాకా ఇల్లు బంధువులతో నిండి ఉంటుంది. ఆ మర్నాడు అద్దెకు తెచ్చిన కుర్చీలు వెనక్కి వెళ్లిపోతాయి. మిగిలినవాళ్లకు ఆ ఇంట్లో ఒంటరితనం తెలిసేది అప్పటి నుంచే.

తేలని వ్యవహారం

రెండో రకం కష్టానికి నీటి మట్టంలాంటి కొలత లేదు. పొగాకు సంగతే తీసుకుంటే, అక్టోబరు, నవంబరుల్లో నాట్లు, జనవరి నుంచి బ్యారన్‌లో (ఆకును వేడి మీద ఆరబెట్టే గదిలో) ఆకు కాల్చడం, మార్చి నుంచి వేలం. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాల్లో బేళ్లు వరసగా పేరుస్తారు. కంపెనీల బయ్యర్లు ఆ వరస వెంట నడుచుకుంటూ పోతారు. ఒక్కో బేలు దగ్గర ఆగేది క్షణాలే. ఎవరూ ధర వేయకపోతే ఆ బేలు 'నో బిడ్'. ఏడెనిమిది నెలల చాకిరీ, కట్టెల ఖర్చు, కూలీ, బ్యారన్ అద్దె అన్నీ ఆ రెండు మాటల్లో తేలిపోతాయి, నిజానికి తేలవు కూడా. రంగు బాగోలేదా, తేమ ఎక్కువైందా, కంపెనీకి ఆర్డరే లేదా? అదీ తెలియదు. బేలును మళ్లీ బండికెత్తించి ఇంటికి తెచ్చుకుని ఇంకో రోజు కోసం చూడాలి. వేలం కేంద్రాలే లేని నల్లబర్లీ రైతుకు ఈ మాత్రం వరస కూడా ఉండదు, కొనేవాడు వస్తేనే బేరం.

ఈ ఎదురుచూపు మనిషిని ఎందుకంత తినేస్తుందో 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఒక ప్రయోగంలో చూపించారు. కంప్యూటర్ తెర మీద రాళ్లు కనిపిస్తాయి. ఏ రాయి కింద పాముందో ఊహించాలి. పాముంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ ఖాయమని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్న సగం సగం అవకాశం దగ్గర చెమట పట్టడం, కంటిపాప పెద్దదవడం ఎక్కువగా కనిపించాయి. చెడు వార్త కంటే తెలియని వార్తే శరీరాన్ని ఎక్కువగా బిగించిందన్నమాట. నష్టం ఖాయమైతే మెదడు దానికి తగ్గ దారి వెతుక్కుంటుంది. ఖాయం కానంతవరకు రెండు దారులకూ సిద్ధంగా కూర్చోవాలి, ఆ కాపలాకే శక్తంతా పోతుంది.

అనిశ్చితి భరించలేనప్పుడు మనుషులు ఏదో ఒకటి చేయడానికి పరుగెత్తుతారు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. రెండో దశలో, 2021 మేలో, ఆనందయ్య మందు కోసం కృష్ణపట్నానికి వేలమంది వచ్చిపడ్డారు. ఆ మందు పనిచేసిందా లేదా అన్న వాదన అటుంచి, ఆ జనాన్ని నడిపింది మూఢత్వం ఒక్కటే అనుకోవడం తేలిక లెక్క. ఆసుపత్రుల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం కంటే క్యూలో నిలబడటం మనసుకు తేలిక. క్యూలో నిలబడ్డవాడు ఏదో ఒకటి చేస్తున్నాడు కాబట్టి.

ఇలాంటి కష్టంలో పనికొచ్చేది ధైర్యవచనం కాదు, అనిశ్చితిని ముక్కలు చేయడం. రొయ్యల రైతులనే చూడండి. పొద్దున్నే వాట్సాప్‌లో కౌంట్ వారీగా రేట్లు వస్తాయి. కిలోకు 100 రొయ్యలు తూగితే 100 కౌంట్, 30 తూగితే 30 కౌంట్, కౌంట్ తగ్గేకొద్దీ రేటు ఎక్కువ. ఇంకో వారం పెంచితే రేటొస్తుందా, ఈలోపు తెల్లమచ్చ జబ్బు తగులుతుందా అని రోజూ కొత్తగా మథనపడే బదులు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే "ఫలానా కౌంట్‌కు ఇంత రేటు వస్తే పట్టేద్దాం, జబ్బు గుర్తు కనిపిస్తే రేటు చూడకుండా పట్టేద్దాం" అని ఇంట్లో కూర్చుని రాసిపెట్టుకోవడం వేరు. ధర మారదు, నిజమే. కానీ రోజుకు పదిసార్లు చేయాల్సిన నిర్ణయం ఒక్కసారికి తగ్గుతుంది.

పడమటి కరువు, తిరగరాసే నోటు

మూడో రకం కష్టం చప్పుడు చేయదు. కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు వెయ్యి అడుగులకు బోరు దించినా దుమ్మే వచ్చిన పొలాలు ఊరూరా ఉన్నాయి. చాలాచోట్ల నీళ్లు ఉన్నా ఫ్లోరైడ్. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తెచ్చి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. అప్పుడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని హైదరాబాద్‌కో బెంగళూరుకో వలస పోయారు. ఊళ్లో ముసలివాళ్లు మిగిలారు.

వరదకు తేదీ ఉంటుంది. కరువుకు ఉండదు. అప్పుకు ఉంటుంది, కానీ అది కష్టం తీరే తేదీ కాదు, పెరిగే తేదీ. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు. మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు కాబట్టి అది తీరకముందే అప్పిచ్చినవాళ్లు నోటు తిరగరాయమంటారు. వడ్డీ కట్టలేనివాడి కొత్త నోటు మీద అంకె 5 లక్షల 16 వేలు. ఒక్క రూపాయి కొత్తగా వాడుకోకుండానే. ఆ సంతకం పెట్టిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పని మగవాళ్లు చాలామంది. భార్యకు తెలిసేసరికి రెండోసారి తిరగరాయడం కూడా అయిపోయి ఉంటుంది.

ఈ స్థితిలో మనిషి తప్పు నిర్ణయాలు తీసుకుంటే "తెలివి లేదు" అంటారు. 2013లో వెలువడిన ఒక అధ్యయనం దీనికి మంచి జవాబు. ఆనంది మణి, సెంధిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. పంటకు ముందు చేతిలో డబ్బుండదు, తాకట్లు, చేబదుళ్లు ఎక్కువ. అదే రైతు పంట తర్వాత రాసిన పరీక్షలో మెరుగ్గా చేశాడు. మనిషి మారలేదు, తెలివీ మారలేదు. బుర్రలో సగం చోటు అప్పు ఆక్రమించినప్పుడు మిగతా పనులకు మిగిలేది మిగతా సగమే. కాబట్టి అప్పుల్లో ఉన్నవాడికి ఆ సమయంలోనే పది కాగితాలు తెమ్మనడం, ఆరు ఆఫీసుల చుట్టూ తిప్పడం అతని దగ్గర లేనిదాన్నే అడగడం.

తెల్లవారుజామున గుంట గట్టు మీద

ఒత్తిడి శరీరంలో చేసే పని మొదట్లో మేలే. అడ్రినలిన్ గుండె వేగం పెంచుతుంది, కార్టిసాల్ రక్తంలోకి చక్కెర వదిలిస్తుంది, కాలువ గండి పూడ్చడానికి కావలసిన బలం వస్తుంది. పని అయ్యాక రెండూ తగ్గిపోవాలి. వారాలు, నెలలు తగ్గకుండా ఉంటే అదే మందు విషమవుతుంది. బీపీ, కడుపు మంట, మెడ పట్టేయడం, చిన్నమాటకే కసురుకోవడం, చదివింది గుర్తుండకపోవడం వరసగా మొదలవుతాయి. శరీరం మీద ఇలా పేరుకుపోయే అరుగుదలకు బ్రూస్ మెక్‌యూవెన్ అనే శాస్త్రవేత్త 1990ల్లో ఒక లెక్క చూపించాడు. వచ్చిన ఒత్తిడి ఎంత అన్నది ఒక్కటే కాదు, మధ్యలో తెరిపి ఎంత దొరికింది అన్నదే అందులో కీలకం.

తెరిపి అంటే ముందుగా నిద్ర. ఇక్కడ రొయ్యల సాగు ఒక విచిత్రమైన ఉదాహరణ. పగలు ఎండకు గుంటలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఆగిపోయి వాడకమే మిగులుతుంది. అందుకే సూర్యోదయానికి ముందు గంటల్లో నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలకు ఇబ్బంది మొదలవుతుంది, ఇంకా పడిపోతే పైకి తేలతాయి. కరెంటు పోయి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసేలోపే పంట పోవచ్చు. అందుకని ముత్తుకూరు, అల్లూరు, కొత్తపట్నం వైపు గుంటల గట్ల మీద పాకల్లో పడుకునేవాళ్లు నిద్రలో కూడా ఏరేటర్ చప్పుడు వింటూనే ఉంటారు. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. ఒక పంట మూడు నుంచి నాలుగు నెలలు. అన్ని నెలలూ మనసుకు మరమ్మతు జరిగే సమయమే కోతపడుతుంది. నిద్ర చాలని మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా ఎక్కువగా ఎగిరిపడుతుందని, దాన్ని అదుపులో పెట్టే ముందరి మెదడు పట్టు సడలుతుందని స్కానింగుల్లో తేలింది. పంట పట్టుబడి రోజున దళారితో చిన్న మాటకే కొట్లాట దాకా పోయే రైతు కథలో ధర ఎంత పాత్రధారో నిద్ర అంతే. ఇద్దరు వంతులవారీగా కాపలా ఉండి, ఒక్కొక్కరూ రోజు విడిచి రోజు ఇంటికెళ్లి పడుకునే ఏర్పాటు చేసుకుంటే, అది సాగు ఖర్చులో రాయదగ్గ విషయం.

ఇక మద్యం. పడుకోగానే నిద్ర పట్టిస్తుంది, నిజమే. రెండో జాములో అదే నిద్రను చెడగొడుతుంది, మర్నాడు ఆందోళన పెంచుతుంది. సాయంత్రానికి ఆ క్వార్టర్ కూడా చాలదు అనిపించేది అందుకే.

చెప్పుకోవడానికి ఒక చోటు

కలిగిరి మండలం దూబగుంట పేరు దేశమంతా తెలిసింది సారా వ్యతిరేక పోరాటంతో. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడులు నడిచాయి. తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన సీతమ్మ కథ వాచకంలో పాఠంగా వచ్చింది. అది చదివిన ఆడవాళ్లు తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ప్రతి ఒక్కరూ అది తన ఒక్కదాని తలరాత అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నడిచిన ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తర్వాత అదే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి.

రాజకీయంగా ఈ చరిత్ర చాలాసార్లు చెప్పుకున్నదే. మానసిక ఆరోగ్యం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. రాత్రి బడిలో ఎవరూ ఎవరినీ "నీ బాధ చెప్పు" అని అడగలేదు. పాఠంలోని సీతమ్మ గురించి మాట్లాడటం మొదలుపెట్టి తమ దగ్గరికి వచ్చారు. కలిసి కూర్చోవడానికి వేరే పని ఉంది, రోజూ వచ్చే చోటు ఉంది, సిగ్గు కప్పుకోవడానికి ఒక పాత్ర అడ్డం ఉంది. ఈ మూడూ ఉన్నప్పుడు మనుషులు మాట్లాడతారు. ఎదురుగా కుర్చీ వేసి కౌన్సెలింగ్ అంటే బిగుసుకుపోతారు.

నెల్లూరు రొట్టెల పండగలోనూ ఇలాంటిదే ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అంటూ గట్టిగా అడిగి మరీ తీసుకుంటారు. మామూలు రోజుల్లో పిల్లలు లేరన్న మాట, ఉద్యోగం రాలేదన్న మాట బయట అనడానికి నోరు రాదు. అక్కడ నలుగురిలో అడగడమే ఆచారం. పైగా రొట్టె ఇచ్చే మనిషి నిరుడో ఆపైయేడో అదే కష్టంలో ఉన్నవాడే. నీలాంటివాడే గట్టెక్కి నీ ఎదురుగా నిలబడ్డాడన్నది విశ్వాసంతో సంబంధం లేకుండానే ఊరటనిచ్చే రుజువు.

వీటితో పోలిస్తే ధర పోయిన రైతు, పరీక్ష పోయిన విద్యార్థి, చిట్టీ డబ్బులు పోగొట్టుకున్న ఇల్లాలు ఒంటరి. పక్కవాడి గుంటలో పంట పండింది, పక్కింటి అబ్బాయికి ర్యాంకు వచ్చింది. అందువల్ల పోయినదాంట్లో తన తప్పే కనిపిస్తుంది. కార్పొరేట్ కాలేజీల ఊరుగా పేరుపడ్డ నెల్లూరులో ఫలితాల రోజు పిల్లలకు మార్కుల కంటే నాన్నకు వచ్చే ఫోన్లంటేనే భయం.

ఏ సలహా ఎక్కడ

ఒత్తిడిని తట్టుకునే పద్ధతులను లాజరస్, ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లో రెండుగా విడదీశారు. సమస్యను మార్చే పని ఒకటి, సమస్య పుట్టించే బాధను తగ్గించుకునే పని రెండోది. మార్చగలిగినచోట మొదటిది, మార్చలేనిచోట రెండోది పనికొస్తుంది. గందరగోళమంతా ఈ రెండూ తారుమారైనప్పుడే. పరిహారం జాబితాలో పేరు లేనివాడికి ప్రాణాయామం చెప్పడం అన్యాయం, అతనికి కావలసింది అర్జీ రాసిపెట్టే మనిషి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి "ఏదైనా పనిలో పడు" అని తొందరపెట్టడం రెండో తప్పు, అక్కడ మార్చగలిగింది ఏమీ లేదు.

అప్పు రెండింటి మధ్యలో ఉంటుంది. అప్పు విషయంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే పని, ఎవరెవరికి ఎంత, ఏ వడ్డీకి, నోటు గడువు ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇంకో పెద్దమనిషికి చూపించడం. అప్పు తగ్గదు. కానీ రాత్రిపూట అంతులేనిదిగా అనిపించేది ఒక అంకెగా మారుతుంది, ఆ అంకెను మోసేవాళ్లు ఇద్దరవుతారు. ఏ నోటును ముందు తీర్చాలి, దేన్ని బ్యాంకు అప్పులోకి మార్చుకోవచ్చు అన్న మాటలు ఆ కాగితం ఉంటేనే మొదలవుతాయి. లోపలి బాధకు పేరుపెట్టి చెప్పినప్పుడు అమిగ్డాలా తాకిడి కొంత తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం చూపించింది కూడా ఈ దారిలోనిదే.

బలవంతంగా చెప్పించడం మాత్రం వేరు. విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా వాడుకలో ఉండేది. దానివల్ల మేలు లేదని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. ఇప్పుడు చెప్పేది సాదాగా ఉంటుంది: అవసరం ఏమిటో చూడు, మాట్లాడితే విను, కావలసిన సాయంతో కలుపు. మైకు పెట్టి "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అని అడిగే టీవీ విలేకరులకు ఇది ఎప్పుడు చేరుతుందో.

టీవీ అంటే ఇంకో మాట. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిపిన సర్వేలో, రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవాళ్లలో, పేలుడు దగ్గర ఉన్నవాళ్లలో కంటే తీవ్రమైన ఒత్తిడి కనిపించింది. తుపాను హెచ్చరిక కావలసిందే. వాతావరణ శాఖ బులెటిన్ పూటకోసారి చూస్తే సరిపోతుంది. ఎక్కడిదో తెలియని వీడియో వాట్సాప్‌లో నలభైసార్లు తిరగడం వల్ల ఎవరి పడవా భద్రంగా ఒడ్డుకు చేరదు.

బాధ ఎక్కడ జబ్బవుతుంది

కష్టం వచ్చిన ప్రతివాళ్లకూ వైద్యం అక్కర్లేదు. పెద్ద నష్టాల తర్వాత కూడా ఎక్కువమంది మానసిక జబ్బు దాకా వెళ్లకుండా కోలుకుంటారని జార్జ్ బొనానో పరిశోధనలు చెబుతాయి. కానీ దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అది డిప్రెషన్ కావచ్చు. మన దగ్గర అది ఎక్కువగా ఒంటి బాధ వేషంలో వస్తుంది. గుండె దడ, తలబరువు, గ్యాస్, నీరసం. ఆర్ఎంపీ దగ్గర సెలైన్, బలానికి ఇంజక్షన్, ఒంగోలులో ఈసీజీ, అన్నీ నార్మల్. డబ్బు అయిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

"బతకాలనిపించట్లేదా అన్నా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది వెనకాడతారు. పరిశోధనల్లో అలాంటి ప్రమాదం కనిపించలేదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. అవునన్న జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో, పాకలో ఉన్న పురుగుమందులు తాళం వేసి వేరేవాళ్ల దగ్గర పెట్టాలి. ఆ తీవ్రత చాలామందిలో కొద్ది గంటల్లో తగ్గుతుంది, ఆ గంటలు దాటించడమే పని. బాగా విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన శ్రీలంకలో 1995 నాటితో పోలిస్తే ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా తగ్గింది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తేవడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని చెబుతోంది.

మాట్లాడటానికి టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రింబగళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. యర్రగొండపాలెం నుంచి ఒంగోలు రావడమంటే ఒక రోజు కూలి పోవడం, బస్సు ఖర్చు. అందుకే మొదటి మెట్టు దగ్గరలోని పీహెచ్‌సీ డాక్టరు, ఊళ్లో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు గ్యాస్, దడతో ఆపకుండా నిద్ర సంగతి, ఏడుపు సంగతి కూడా చెబితేనే జబ్బు దొరుకుతుంది.

డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండి గుణం కనిపించకపోవడంతో మానేసేవాళ్లు ఎందరో. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. అలవాటుపడే ప్రమాదం అసలు ఉన్నది వీటితో కాదు, మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలతో.